బండ కదులుతోంది, ఫలిత బలం సున్నా

ఉగాదికో తిరునాళ్లకో కర్నూలు, కడప, అనంతపురం పల్లెల్లో బండలాగుడు పోటీలు చూసిన పిల్లలకు బడిలో ఓ అనుమానం తప్పకుండా వస్తుంది. ఎద్దులు లాగితేనే బండ కదులుతుంది, నిలబడితే ఆగిపోతుంది. మరి సమవేగంతో పోయే వస్తువు మీద ఫలిత బలం, అంటే అన్ని బలాలూ కలిపితే మిగిలేది, సున్నా అంటారేమిటి? చాలా మంచి ప్రశ్న. అరిస్టాటిల్‌ కూడా బలం ఉంటేనే చలనం అనుకున్నాడు. చలనానికి కాదు, చలనం మారడానికే బలం కావాలని గెలీలియో, ఆపైన 1687లో న్యూటన్ దాన్ని సరిచేశారు.

బండ వెయ్యి కిలోలు అనుకుందాం. ఘర్షణ బరువులో ఎన్నో వంతో చెప్పే అంకె ఘర్షణ గుణకం. పొడి మట్టి మీద స్థైతిక (ఆగి ఉన్నప్పటి) ఘర్షణ గుణకం 0.6, జారుడు ఘర్షణ గుణకం 0.5 అని తీసుకుందాం. బలాన్ని న్యూటన్లలో కొలుస్తారు; కిలోకు 9.8 లెక్కన బండ బరువు 9,800 న్యూటన్లు. బండను కదిలించాలంటే అందులో 0.6 వంతు, అంటే 5,880 న్యూటన్లు దాటాలి. కదిలాక ఘర్షణ 4,900కే పడిపోతుంది. ఆ క్షణంలో 980 న్యూటన్లు మిగులు. అసమతుల్య బలమంటే అదే, బండ వేగం పుంజుకునేది దానితోనే. వేగం పెరిగేకొద్దీ ఎద్దుల లాగుడు తగ్గుతూ 4,900 దగ్గర కుదురుకుంటుంది. ముందుకు ఎంతో వెనక్కీ అంతే. సెకనుకు అర మీటరు చొప్పున బండ అలా సాగిపోతుంది. ఎద్దుల కష్టం మాత్రం సున్నా కాదు: 2,450 వాట్లు, మూడు హార్స్‌పవర్ పైమాటే.

ఎద్దులు ఆగాయా, పగ్గం వదులై ఘర్షణ ఒక్కటే మిగులుతుంది. అప్పుడు కూడా బండ తక్షణం ఆగదు, రెండున్నర సెంటీమీటర్లు జారుతుంది. సెకనులో పదో వంతులో ముగిసే ఆ జారుడు కంటికి అందదు. అనుమానమంతా అక్కడే పుట్టింది! ఘర్షణ తక్కువైతే అదే బండ మీటర్ల కొద్దీ పోయేది.

ఆగిన ప్రతిసారీ మళ్లీ 5,880 దాటాలి గనుక తోలేవాళ్లు బండను ఆగనివ్వరు. ఎద్దులు రెండూ ఒకేసారి అడుగు వేయకపోతే కాడిమాను ఓ పక్కకు తిరిగి బండ వంకర పోతుంది. ఒక ఎద్దు బలహీనమైతే పగ్గం ముడిని బలమైన దాని వైపు జరపాలి. ముడి నుంచి ఒకవైపు 50, ఇంకోవైపు 60 సెంటీమీటర్లు ఉంటే దగ్గరున్న ఎద్దు మీద 55 శాతం లాగుడు పడుతుంది.

పగ్గం పొడవు ఇంకా ఆసక్తికరం. కాడి, బండ కొక్కెం కన్నా మీటరు ఎత్తులో ఉండి, పగ్గం నాలుగు మీటర్లైతే వాలు పద్నాలుగున్నర డిగ్రీలు. లాగుడులో కొంత బండను పైకెత్తుతుంది, నేల మీద ఒత్తిడి తగ్గి 4,480 న్యూటన్లతోనే పని జరుగుతుంది. కానీ ఎద్దుల మెడల మీద 114 కిలోల బరువు అదనంగా పడుతుంది. పగ్గం మరీ కురచ చేస్తే బండ వెనక కాళ్లకు తగులుతుంది.

బండ మొరాయిస్తే దిష్టి తగిలిందంటారు. ముందు దాని ముందంచు కింద చూడండి: మట్టి కుప్పపడి అడ్డం తగులుతుంటుంది, లేదా నేల తడిసి లాడాలు జారుతుంటాయి. గిట్టలు వెనక్కి తోసినంతే నేల ముందుకు తోస్తుంది. పట్టు లేకపోతే ఎంత బలమైన ఎద్దయినా చేసేదేమీ లేదు.

ఈ పాఠాన్ని నల్లబల్ల మీద బాణాలు గీసి ముగించేస్తున్నారు, అది అన్యాయం. నాలుగు కిలోల కడప బండ ముక్కకు తాడు కట్టి, స్ప్రింగుకాటా తగిలించి, సిమెంటు గచ్చు మీద మెల్లగా లాగించండి. ముల్లు ఎక్కి ఎక్కి, ముక్క కదలగానే దిగి, ఒకచోట నిలుస్తుంది. నిలిచిన ఆ అంకే జారుడు ఘర్షణ. తాడు నేలకు సమాంతరంగా ఉండాలి, గచ్చు మీద ఇసుక ఉండకూడదు. గుంజితే మాత్రం త్వరణానికి, అంటే వేగం పెరగడానికి, కావలసిన బలం కూడా కలిసి ముల్లు ఎక్కువ చూపిస్తుంది.