సీరియల్ కిల్లర్ మనసు సరే, చనిపోయినవాళ్ల కోసం వెతికిందెవరు?

సీరియల్ కిల్లర్ దొరికాడన్న వార్త రాగానే మనవాళ్లు అడిగేది ఒక్కటే, వాడు సైకోనా, చిన్నప్పుడు ఏం జరిగింది అని. ఈ అలవాటుకు మూలం 1970ల చివర్లో అమెరికాలో ఉంది. ఎఫ్‌బీఐ ఏజెంట్లు రాబర్ట్ రెస్లర్, జాన్ డగ్లస్ జైళ్లకు వెళ్లి హంతకులతో మాట్లాడారు, ఆన్ బర్జెస్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ ఆ మాటల్ని ఒక పద్ధతిగా అధ్యయనం చేయడానికి తోడయ్యారు. మొత్తం 36 మంది. ఎడ్మండ్ కెంపర్ లాంటివాళ్లయితే గంటల తరబడి చెప్పారు. పక్కా ప్లాన్‌తో చంపేవాళ్లు, అడ్డదిడ్డంగా చంపేవాళ్లు అనే విభజన అలా స్థిరపడింది.

కానీ అది దొరికిపోయి, మాట్లాడటానికి ఒప్పుకున్నవాళ్లు తమ గురించి తాము చెప్పుకున్న కథ. న్యూయార్క్‌లో 1977లో పట్టుబడిన డేవిడ్ బెర్కోవిట్జ్, పక్కింటివాళ్ల కుక్కలో దెయ్యం ఉండి చంపమందని చెప్పాడు, రెండేళ్లకు అదంతా కల్పితమని తనే ఒప్పుకున్నాడు. 2004లో బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ కాంటర్ బృందం 100 హత్యల వివరాలు పరీక్షిస్తే ఆ రెండు రకాల విభజన నిలబడలేదు. చిన్నప్పుడు పక్క తడపడం, నిప్పు పెట్టడం, జంతువుల్ని హింసించడం అనే మూడు లక్షణాలు హంతకుడయ్యే సూచనలన్న మాట 1963 నాటిది, దాన్ని పట్టుకుని ఏ పిల్లాడు హంతకుడవుతాడో చెప్పలేమని తర్వాతి పరిశోధనల్లో తేలింది. చివరికి ఎఫ్‌బీఐ కూడా, 2005లో నిపుణుల్ని కూర్చోబెట్టి చర్చించాక, అందరికీ సరిపోయే ప్రొఫైల్ లేదని, కోపం, డబ్బు, కామం, పెత్తనం ఇలా కారణాలు చాలా ఉంటాయని రాసింది.

డబ్బు అన్న మాట దగ్గర ఆగాలి, ఎందుకంటే మన పక్క రాష్ట్రం కేసు అదే. కర్ణాటకలోని దక్షిణ కన్నడ జిల్లాకు చెందిన మోహన్ కుమార్ ప్రైమరీ స్కూల్ టీచర్‌గా పనిచేసినవాడు. కట్నం ఇచ్చుకోలేక పెళ్లి ఆగిపోయిన పేదింటి అమ్మాయిల్ని వెతుక్కునేవాడు. మీ కులమే, గవర్నమెంట్ ఉద్యోగం, కట్నం వద్దు అనేవాడు. ఆ ఇంట్లో ఈ మూడు మాటలు ఎంత ఆశ పుట్టిస్తాయో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. లాడ్జిలో ఒక రాత్రి గడిపి, పొద్దున్నే నగలు గదిలో పెట్టించి, బస్టాండ్‌కు తీసుకెళ్లి, గర్భం రాకుండా మాత్ర, కాస్త వికారంగా ఉంటుంది, టాయిలెట్‌లోకి వెళ్లి వేసుకో అని చేతిలో పెట్టేవాడు. అది సైనైడ్. తర్వాత లాడ్జికి వెళ్లి నగలు తీసుకుని మాయమయ్యేవాడు. 2003 నుంచి 2009 దాకా 20 మంది.

వీడి మనసులో ఏముందో తెలిస్తేనే పట్టుకోగలిగేవాళ్లా? కాదు. లోపలి నుంచి గడియ వేసిన టాయిలెట్లలో, పెళ్లికి ముస్తాబైనట్టున్న అమ్మాయిల శవాలు దొరుకుతూనే ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో స్టేషన్‌లో గుర్తు తెలియని మహిళ, అసహజ మరణం అని నమోదైంది. ఇంటి దగ్గరేమో ఎవరితోనో వెళ్లిపోయిందనుకున్నారు, పరువు పోతుందని కొందరు నోరు విప్పలేదు. రెండో శవం దొరికిన రోజున ఎవరైనా మొదటి ఫైలు తీసి పక్కన పెట్టి చూసి ఉంటే ఎంతమంది బతికేవారో తలుచుకుంటే కడుపు మండుతుంది.

చివరికి వాణ్ని పట్టించింది ఫోన్. 2009 జూన్‌లో బంట్వాళ తాలూకాలో 22 ఏళ్ల అమ్మాయి కనిపించకుండా పోయింది. వేరే మతం అబ్బాయితో వెళ్లిపోయిందని పుకారు లేచి, జనం స్టేషన్ ముందు గొడవ చేస్తే తప్ప దర్యాప్తు ఊపందుకోలేదు. ఆమె కాల్ రికార్డులో ఒక నంబర్ దొరికింది, ఆరా తీస్తే అది మరో ఊళ్లో కనిపించకుండా పోయిన అమ్మాయిది. ఆ నంబర్ పట్టుకుని వెళ్తే ఇంకో అమ్మాయి, ఆమె కూడా లేదు. అలా ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరి ఫోన్‌కు వెళ్లి అక్టోబర్‌లో మోహన్‌ను అరెస్టు చేశారు. 2013లో మంగళూరు కోర్టు ఉరిశిక్ష వేసింది, 2017లో ఒక కేసులో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది, 20వ కేసులో తీర్పు 2020లో వచ్చింది.

స్టీవెన్ ఎగ్గర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఎప్పటి నుంచో చెబుతున్నది ఇదే. సెక్స్ వర్కర్లు, ఇల్లు లేనివాళ్లు, పేదవాళ్లు ఎక్కువగా బలవడానికి కారణం వాళ్లు పోతే అడిగేవాళ్లు తక్కువగా ఉండటం. మన దగ్గర యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్‌లో 2019 ఏప్రిల్‌లో ఒక బాలిక శవం పాడుబడ్డ బావిలో దొరికింది, ఆ తర్వాత మరో ఇద్దరి అవశేషాలు బయటపడ్డాయి. అందులో ఒకరు 2015లో, 11 ఏళ్ల వయసులో కనిపించకుండా పోయిన పాప. నిందితుడు అదే ఊరివాడు. 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు ఉరిశిక్ష వేసినప్పుడు కూడా టీవీల్లో ఎక్కువగా నడిచింది వాడి మానసిక స్థితి మీద చర్చే, నాలుగేళ్లపాటు ఆ పాప ఫైలు ఏమైందని అడిగినవాళ్లు కొద్దిమందే.