వెంపలి వేరు, కణం ఊపిరి

చంద్రగిరి, పాకాల వైపు చేలగట్ల మీద వెంపలి చెట్టు తెలియనివాళ్లు తక్కువ. ఊదారంగు పూలు, పీకితే ఒక పట్టాన ఊడిరాని వేరు. ఆ వేరులో రొటెనాయిడ్లనే రసాయనాలున్నాయి. ఈ కుటుంబంలో పేరుమోసినది రొటెనోన్. ఆగ్నేయాసియాలో డెర్రిస్ తీగ వేళ్లు దంచి, నీళ్లలో కలిపి చేపలు పట్టేవాళ్లు. ఆ వేళ్లలోని విషానికి 1902లో జపాన్ రసాయనవేత్త నగాయి నాగయోషి ఈ పేరు పెట్టాడు.

చేప చచ్చేది నీళ్లలో ఆక్సిజన్ తగ్గి కాదు. మొప్పలు ఆడుతాయి, రక్తంలోకి ఆక్సిజన్ చేరుతుంది. కణాలే దాన్ని వాడుకోలేవు.

తిన్న తిండిలోని ఎలక్ట్రాన్లు కణంలోని శక్తికేంద్రాలైన మైటోకాండ్రియాలో, కాంప్లెక్స్‌లనే ప్రొటీన్ల గుంపుల మీదుగా చేతులు మారుతూ చివరికి ఆక్సిజన్‌ను చేరాలి. అప్పుడే కణం ఖర్చుపెట్టుకునే శక్తి అణువు ఏటీపీ పుష్కలంగా తయారవుతుంది. మొదటి కాంప్లెక్స్ తన ఎలక్ట్రాన్లను, వాటిని ముందుకు మోసే యుబిక్వినోన్‌కు అందించే చోటే రొటెనోన్ అడ్డం కూర్చుంటుంది.

ఎలుక కాలేయం నుంచి వేరుచేసిన మైటోకాండ్రియాను ఆక్సిజన్‌ను కొలిచే ఎలక్ట్రోడ్ ఉన్న చిన్న గదిలో వేసి, మొదటి కాంప్లెక్స్‌కు ఎలక్ట్రాన్లు అందించే గ్లూటమేట్, మాలేట్ పోస్తే, మిగిలిన ఆక్సిజన్‌ను చూపే గీత కిందికి దిగుతూ పోతుంది. రొటెనోన్ చుక్క పడగానే గీత అడ్డంగా సాగుతుంది. అంతా అయిపోయిందనుకుంటాం. సక్సినేట్ పోయండి, గీత మళ్లీ దిగుతుంది! సక్సినేట్ ఎలక్ట్రాన్లు రెండో కాంప్లెక్స్ గుండా వస్తాయి. అలిపిరి మెట్లు మూసేసినా శ్రీవారి మెట్టు మీదుగా కొండకు చేరినట్టే. ఇక ఆంటిమైసిన్-ఎ అనే విషం వేస్తే, రెండు దారులూ కలిసే మూడో కాంప్లెక్స్ మూతపడి, రెండింటి రాకా ఆగిపోతుంది.

బయోకెమిస్ట్రీ పిల్లలు బట్టీపట్టే ఆ ఎలక్ట్రాన్ల బొమ్మ కూర్చుని ఊహించినది కాదు. ఇలా ఒక్కో చోట అడ్డం వేసి, ఏది ఆగిందో, ఏది సాగిందో చూసి రాబట్టినది. పాఠంలో ముందు చెప్పాల్సింది ఇదేనని నా నమ్మకం.

ప్రయోగశాలలో పళ్లెంలో పెంచే కణాలకు రొటెనోన్ ఇస్తే చాలావరకు వెంటనే చావవు. గ్లూకోజ్‌ను సగంలో విరిచి లాక్టిక్ ఆమ్లం చేస్తూ నెట్టుకొస్తాయి. పళ్లెంలోని ఎర్రటి పోషకద్రవం మామూలుకన్నా త్వరగా పసుపుకు తిరుగుతుంది. గ్లూకోజ్ బదులు, కణాలు నెమ్మదిగా విరిచే గెలాక్టోజ్ అనే చక్కెర ఉంటే మాత్రం ఆ ఆసరా కూడా చాలదు.

వేరునుంచి వచ్చినది కాబట్టి రొటెనోన్‌తో హాని లేదని కొందరనే మాట నేను ఒప్పుకోను. 2000లో నాడీశాస్త్రవేత్త గ్రీనమైర్ బృందం ఎలుకలకు రొటెనోన్‌ను రోజుల తరబడి రక్తంలోకి ఎక్కించింది. మెదడంతటా మొదటి కాంప్లెక్స్ కుంటుపడినా, ముఖ్యంగా దెబ్బతిన్నవి డోపమైన్ అనే సంకేత రసాయనం చేసే కణాలు. కదలికలు కుంటుపడే పార్కిన్సన్స్ జబ్బులో పోయేవీ అవే. దారి మూసుకుపోయినప్పుడు ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ మీదికి జారి, కణాన్ని దెబ్బతీసే సూపరాక్సైడ్ తయారవుతుంది. డోపమైన్‌ను తయారుచేసి వాడే పనిలోనే ఈ కణాలకు అలాంటి రసాయనాల ఒత్తిడి ముందునుంచీ ఉంటుంది.