ఎగువ ఊరు, దిగువ ఊరు: 4,500 ఏళ్ల నాటి కాలువ తగాదా

టైగ్రిస్, యూఫ్రటీస్ నీళ్ల కోసం టర్కీ, సిరియా, ఇరాక్ గొడవపడుతున్నాయని వార్త వచ్చినప్పుడల్లా, ఇదంతా డ్యాములు కట్టాక మొదలైన తంటా అనుకుంటాం. డ్యాములు కొత్తవే. 1990 జనవరిలో అతాతుర్క్ డ్యామ్ నింపుకోవడానికి టర్కీ నెల రోజుల పాటు యూఫ్రటీస్‌ను ఆపేసింది. దిగువన ఉన్న రెండు దేశాలూ గగ్గోలు పెట్టాయి. 2018 వేసవిలో నది చివరన ఉన్న బస్రాలో ఉప్పు, మురుగు కలిసిన నీళ్లు తాగి లక్ష మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. కానీ తగాదా మాత్రం డ్యాముల కంటే చాలా పాతది. అదే నేల మీద రాత పుట్టిన కొన్ని వందల ఏళ్లకే మట్టి మీదకు ఎక్కింది.

నదుల ఒడ్డున ఒండ్రు నేల ఉంది కాబట్టి నాగరికతలు పుట్టాయని బళ్లో చదువుకున్నాం. నైలు విషయంలో ఆ మాట చాలావరకు చెల్లుతుంది. అక్కడ వేసవిలో వరద వచ్చి, నేలను నానబెట్టి, విత్తే వేళకు తీసేది. దక్షిణ ఇరాక్‌లోని సుమేరులో కథ తిరగబడింది. అక్కడ ఏడాదికి 20 సెంటీమీటర్ల వాన కూడా పడదు. బార్లీ, గోధుమ శరదృతువులో విత్తుతారు, అప్పుడు నది సన్నగా పారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పంట కోతకొస్తుంది. సరిగ్గా అప్పుడే టర్కీ కొండల్లో మంచు కరిగి నది మీదకొస్తుంది. కావాల్సినప్పుడు రాదు, వద్దన్నప్పుడు వస్తుంది. ఇలాంటి నదిని వరం అనడానికి నాకు మనసొప్పదు.

కాబట్టి కాలువలు తవ్వాలి, కరకట్టలు వెయ్యాలి. తవ్విన కాలువ ఊరికే ఉండదు, ఒండ్రు పేరుకుని పూడిపోతుంది. పదే పదే పూడిక తియ్యాలి. ఆ కూలీలను పిలిచేదెవరు, వాళ్లకు తిండి పెట్టేదెవరు? కాలువల వల్లే రాజ్యాలు పుట్టాయని గట్టిగా వాదించినవాళ్లు ఉన్నారు. మొదట్లో కాలువలు చిన్నవి, ఊరివాళ్లే తవ్వుకోగలిగినవి అని తర్వాతి పరిశోధకులు కాదన్నారు. ఏది ముందైనా, క్రీ.పూ. 3200 నాటికి ఉరుక్ లాంటి నగరంలో వేలమందికి ధాన్యం కొలిచి పోసే పని గుడి చేతుల్లో ఉంది. ఆ కాలపు మట్టి పలకల్లో ఎక్కువ భాగం పద్దులే: ఇంత బార్లీ, ఇన్ని గొర్రెలు, ఇంత బీరు. కవిత్వానికి ఇంకా టైమ్ ఉంది.

ఇక తగాదా. ఉమ్మా, లగాష్ సుమేరులోని పక్కపక్క రాజ్యాలు. ఉమ్మా ఎగువన, లగాష్ దిగువన. మధ్యలో గుఎదిన్న అనే మంచి పొలాలు, పచ్చిక బయళ్లు. క్రీ.పూ. 2550 ప్రాంతంలో కిష్ రాజు మెసిలిమ్ పెద్దమనిషిగా కూర్చుని సరిహద్దు గీసి రాయి పాతించాడు. ఉమ్మా పాలకుడు ఆ రాయి పీకి, లగాష్ పొలాల్లోకి దిగాడు. ఓ తరం తర్వాత లగాష్ రాజు ఎఅన్నాతుమ్ ఉమ్మాను ఓడించి, తన విజయాన్ని రాతి మీద చెక్కించాడు. ఆ ముక్కలు ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. డాళ్లు పట్టుకుని వరసగా నడిచే సైనికులు, కాళ్ల కింద శవాలు, పైన తెగిన తలలను ముక్కున కరుచుకుని ఎగిరే రాబందులు. ఇంత భీకరం దేనికంటే, ఒక పొలం గట్టు కోసం.

గెలిచాక ఎఅన్నాతుమ్ సరిహద్దు వెంబడి కాలువ తవ్వించాడు. ఉమ్మావాళ్లు అక్కడ సాగు చేసుకోవచ్చు, కానీ బార్లీ అప్పు కింద లెక్క, వడ్డీతో సహా కట్టాలి. ఆ వడ్డీ పెరిగి పెరిగి ఏ గాదెలోనూ పట్టనంత అయింది. ఉమ్మా కట్టలేదు. కట్టకపోగా సరిహద్దు కాలువల నీళ్లు మళ్లించింది. ఇదంతా క్రీ.పూ. 2400 నాటి లగాష్ రాజు ఎన్మెతెన శంకువు ఆకారపు మట్టిముద్ద మీద రాయించి పెట్టాడు. రాయించింది లగాష్ కాబట్టి తప్పంతా ఉమ్మాదే అన్నట్టు ఉంటుంది. ట్రైబ్యునళ్ల ముందు రాష్ట్రాలు దాఖలు చేసే వాదనలు చదివినవాళ్లకు ఆ ధోరణి కొత్తేమీ కాదు. ఉమ్మా మాట మనకు వినపడదు గానీ, చివరికి గెలిచింది దాని రాజు లుగల్‌జగెసే. అతను లగాష్‌ను కొల్లగొట్టాడు, ఆ తర్వాత కొన్నేళ్లకే అక్కద్ రాజు సర్గోన్ చేతికి చిక్కాడు.

నీళ్లు పారించడంలో ఇంకో చిక్కు దాగి ఉంది. నీళ్లు ఎక్కువ పెట్టి, మురుగు పోయే దారి లేకపోతే భూగర్భజలం పైకొస్తుంది. ఎండకు నీరు ఆవిరవుతుంది, ఉప్పు పైన తెల్లగా మిగులుతుంది. కాలువ కింద చౌడుపట్టిన చేను చూసిన మన రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. గోధుమ ఉప్పుకు తట్టుకోలేదు, బార్లీ కాస్త ఓర్చుకుంటుంది. క్రీ.పూ. 3500 ప్రాంతంలో దక్షిణాన రెండూ దాదాపు సమంగా పండేవని, క్రీ.పూ. 2100 నాటికి లగాష్ రాజ్యపు నగరమైన గిర్సులో గోధుమ 2 శాతానికి పడిపోయిందని జాకబ్సన్, ఆడమ్స్ అనే పరిశోధకులు 1958లో లెక్కలు చూపారు. ఆ లెక్కల్ని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. పంటల మార్పుకు ఉప్పొక్కటే కారణమా అన్న వాదన తేలలేదు గానీ, ఉప్పు బెడద ఉందన్నది నిజం. అక్కడి రైతులు ఏడాది విడిచి ఏడాది నేలను బీడు పెట్టేవాళ్లు. బీట్లో మొలిచే ముళ్లకంప వేళ్లు లోతుకు దిగి, అడుగు నీటిని లాగేసి, ఉప్పు పైకి రాకుండా ఆపేవి. పన్నుల కోసం, ఎక్కువ పంట కోసం ఆ బీడు ఏడాదిని మింగేసిన ప్రతిసారీ నేల చౌడుబారింది.

క్రీ.పూ. 1750 నాటి బాబిలోన్ రాజు హమ్మురాబి చట్టంలోనూ కాలువ గట్టు ఉంది. ఎవరైనా బద్ధకించి తన గట్టు గట్టిపరచక, గండిపడి పక్క పొలాలు మునిగితే, పోయిన ధాన్యం అతనే కట్టాలి. కట్టలేకపోతే అతన్నీ అతని సొత్తునూ అమ్మి, వచ్చిన డబ్బు నష్టపోయిన రైతులు పంచుకోవాలి.

ఉమ్మా, లగాష్ ఇప్పుడు ఎండిన దిబ్బలు. లగాష్ రాజ్యంలోని గిర్సులో దాదాపు 4,000 ఏళ్ల నాటి కాల్చిన ఇటుకల కట్టడం ఒకటి ఉంది. ఎదురెదురుగా వంపు తిరిగిన రెండు గోడలు, మధ్యలో ఇరుకు దారి. గుడి అన్నారు, వంతెన అన్నారు. ఈ మధ్య అక్కడ పనిచేసిన బ్రిటిష్ మ్యూజియం బృందం, కాలువను అక్కడ ఇరుకు చేసి నీటి వేగం పెంచి చివరి పొలాల దాకా పంపడానికి కట్టారని అంటోంది.