మాట లేకపోయినా మోత చెబుతుంది

అహ్మదాబాద్ విమాన ప్రమాదం వార్తలు టీవీలో వస్తున్న రోజుల్లో మా మావయ్య ఒక ప్రశ్న వేశాడు. "ఏరా, పైలట్లు ఒక్క ముక్క కూడా మాట్లాడకుండా పడిపోతే ఆ వాయిస్ రికార్డరు దేనికి పనికొస్తుంది?"

ఆయనది అమలాపురం దగ్గర పల్లెటూరు, వరి వ్యవసాయం. ఆ ప్రశ్నకి జవాబు ఆయన దగ్గరే ఉంది.

దాళ్వాకి కాలవ నీళ్ళు చాలనప్పుడు మురుగు కాలవ గట్టున ఆయిల్ ఇంజను పెట్టి తోడతారు. ఇంజను గట్టు మీద, మావయ్య ఇంటి అరుగు మీద. పైపు గాలి పీలిస్తే పంపులోంచి నీళ్ళు జారిపోతాయి. బరువు తగ్గిన ఇంజను ఒక్కసారి పరుగందుకుంటుంది, మోత సన్నబడి పైకి లేస్తుంది. డీజిల్ అయిపోవస్తుంటే మోత తెగి తెగి వస్తుంది. చూడకుండానే "పైపు గాలి పీల్చిందిరా" అంటూ లేస్తాడు. విమాన ప్రమాదాలు దర్యాప్తు చేసేవాళ్ళు చేసే పనీ ఇదే.

కాక్‌పిట్‌లో పైలట్ల హెడ్‌సెట్ మైకులు కాక, గది మొత్తం వినే మైకు ఇంకొకటి ఉంటుంది. నాకు దానిమీదే ఇష్టం ఎక్కువ. స్విచ్ నొక్కిన టిక్కు, హెచ్చరిక గంట, అద్దం మీద వాన, రన్‌వే మీద చక్రాల దడదడ, వీటన్నిటి కింద ఇంజను మోత, అన్నీ అందులో పడతాయి.

ఆ మోతలోంచి లెక్క తీయడం చూడండి. నాలుగు రెక్కల ప్రొపెల్లర్ నిమిషానికి 1200 సార్లు తిరుగుతోందనుకుందాం. అంటే సెకనుకి 20 చుట్లు. చుట్టుకి నాలుగు రెక్కలు గాలిని తోస్తాయి కాబట్టి సెకనుకి 80 తోపులు, అంటే 80 హెర్ట్జ్ శబ్దం. రికార్డింగ్‌ని కంప్యూటర్‌లో పౌనఃపున్యాల వారీగా విడదీస్తే 80 దగ్గర ఒక గీత కనబడుతుంది. ఆ గీత 76కి దిగితే ప్రొపెల్లర్ 1140కి పడిపోయినట్టు. జెట్ ఇంజను ఫ్యానుకీ ఇదే లెక్క.

పాత టేపుల్లో ఇంకో చిక్కు ఉండేది. వినేటప్పుడు టేపు నెమ్మదిగా తిరిగితే లెక్కంతా తప్పుతుంది. దానికీ శబ్దమే మందు. విమానంలో కరెంటు 400 హెర్ట్జ్‌ది, దాని గుయ్‌మనే రొద టేపులో సన్నగా పడేది. ఆ రొద 392 దగ్గర వినిపిస్తే టేపు నూటికి రెండు వంతులు నెమ్మదించిందని తెలిసి, మిగతా శబ్దాలన్నీ సరిచేసుకోవచ్చు. ఇది మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన బళ్ళలో శబ్దం పాఠం అంటే శ్రుతిదండం బొమ్మ, ఒక సూత్రం. పిల్లల్ని ఒక్క పూట ఇంజను షెడ్డుకి తీసుకెళ్తే ఎంత బాగుంటుంది!

అహ్మదాబాద్‌లో బతికి బయటపడిన ఒకే ఒక్క ప్రయాణికుడి సీటు 11ఏ. ఆ నంబరు అదృష్టమని మా ఊళ్ళోనూ చెప్పుకున్నారు. వినడానికి బాధేసింది. ఎందుకు పడిపోయిందో తెలిస్తే రేపు అన్ని సీట్లవాళ్ళూ బతుకుతారు.

1982 జనవరి 13న వాషింగ్టన్‌లో మంచు కురుస్తుండగా ఎయిర్ ఫ్లోరిడా బోయింగ్ 737 ఒకటి లేచిన కాసేపటికే వంతెనని గుద్దుకుని పొటోమాక్ నదిలో పడింది. 78 మంది పోయారు. వేగం, ఎత్తు లాంటివి రాసుకునే డేటా రికార్డర్ వేరే ఉంటుంది, ఆనాటి దాంట్లో ఇంజను లెక్కలు లేవు. వాయిస్ టేపులోని ఇంజను మోతని విశ్లేషించారు. పైలట్ల ముందున్న మీటరు చూపేది ఇంజను వెనక ఒత్తిడికీ ముందు ఒత్తిడికీ ఉన్న నిష్పత్తి, అది ఎంత ఎక్కువైతే ఇంజను బలం అంత ఎక్కువ. టేకాఫ్‌కి వాళ్ళు పెట్టుకున్నది 2.04. మోత చెప్పింది 1.70. ఇంజను మంచు కరిగించే వ్యవస్థ వేయకపోవడంతో ముందున్న ఒత్తిడి గొట్టం మూతికి మంచు గడ్డకట్టింది. ముందు ఒత్తిడి తక్కువని తోచి నిష్పత్తి ఎక్కువగా చూపించింది. ఇంజన్లు రెండూ బాగానే ఉన్నాయి, లివర్లు ఇంకాస్త ముందుకి తోస్తే బలం వచ్చేది.

రన్‌వే మీద పరుగెడుతుండగానే ఇది సరిగ్గా లేదని కో-పైలట్ ఒకటికి రెండుసార్లు అనడం కూడా ఆ టేపులో ఉంది. మావయ్యకి ఇదంతా చెప్పాను.

"మరి పక్కనాయన వినలేదా?" అన్నాడు.

"విన్నాడు మావయ్యా. బాగానే ఉందన్నాడు."