మెదడు లింఫోమా: మందు పనిచేయడం ఒక ఎత్తు, తట్టుకోవడం మరో ఎత్తు

మెదడులో గడ్డ అనగానే కోసి తీసేయడమే చికిత్స అనుకుంటాం. ప్రైమరీ మెదడు లింఫోమా విషయంలో ఆ లెక్క చెల్లదు. ఇది మెదడు కణాల నుంచి పుట్టిన క్యాన్సర్ కాదు. రోగనిరోధక వ్యవస్థకు చెందిన బి-లింఫోసైట్లు అదుపు తప్పి, ఒంట్లో మరెక్కడా కనిపించకుండా మెదడులోనో, వెన్నుపాములోనో, కంటి లోపలో పెరగడం వల్ల వస్తుంది. మెదడులో పుట్టే కణితుల్లో దీని వాటా సుమారు 4 శాతం. స్కానులో ఒకటి రెండు మచ్చలే కనిపించినా, క్యాన్సర్ కణాలు సన్నని రక్తనాళాల వెంట దూరంగా పాకి ఉంటాయి. అందుకే సర్జన్ పని చాలాసార్లు సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడంతో ముగుస్తుంది.

ఆ ముక్క తీయడంలోనూ ఒక చిక్కు ఉంది. మెదడు వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వడం మామూలే. అయితే స్టెరాయిడ్లకు లింఫోసైట్లను చంపే గుణం ఉండడం వల్ల, కొందరిలో గడ్డ కొద్ది రోజుల్లోనే స్కానులోంచి మాయమవుతుంది. రోగి తేరుకుంటాడు, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. కానీ అప్పుడు బయాప్సీ చేస్తే జబ్బు ఇదీ అని తేల్చడానికి తగిన కణాలు దొరకకపోవచ్చు. ఆ తర్వాత గడ్డ తిరిగి వస్తుంది. అందుకే లింఫోమా అనుమానం ఉంటే, అత్యవసరమైతే తప్ప, బయాప్సీ అయ్యేదాకా స్టెరాయిడ్ మొదలుపెట్టరు.

ఒకప్పుడు మెదడంతటికీ రేడియేషన్ ఇవ్వడమే ప్రధాన చికిత్స. గడ్డ కరిగేది, మళ్లీ మొలిచేది; సగం మంది ఏడాది, ఏడాదిన్నరకు మించి బతికేవారు కాదు. బతికి బయటపడ్డవారిలోనూ, ముఖ్యంగా 60 దాటినవారిలో, కొంతకాలానికి మతిమరుపు, నడకలో తడబాటు, మూత్రంపై అదుపు పోవడం వంటివి మొదలయ్యేవి.

పరిస్థితిని మార్చింది ఒక పాత మందే. కీళ్లవాతానికి వారానికి 15 మిల్లీగ్రాముల చొప్పున వాడే మెథోట్రెక్సేట్‌ను ఈ జబ్బులో శరీర ఉపరితలం చదరపు మీటరుకు 3 గ్రాములు, అంతకంటే ఎక్కువ కూడా ఇస్తారు. సగటు మనిషికి అది 5, 6 గ్రాములు, అంటే మూడు నాలుగు వందల రెట్లు. రక్తం నుంచి మెదడులోకి మందులను రానివ్వని సహజమైన అడ్డుగోడను దాటాలంటే అంత మోతాదు కావాలి. అది మామూలు వ్యవహారం కాదు. ముందుగా సెలైన్, బైకార్బొనేట్ ఎక్కించి మూత్రం పీహెచ్ 7కు తగ్గకుండా చూస్తారు. మూత్రంలో ఆమ్లగుణం పెరిగితే మందు స్ఫటికాలు కట్టి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. సుమారు 24 గంటల తర్వాత విరుగుడుగా ల్యూకోవోరిన్ మొదలుపెట్టి, రక్తంలో మందు దాదాపు పూర్తిగా పోయేదాకా మళ్లీ మళ్లీ కొలుస్తారు.

దీనికి మరికొన్ని మందులు జోడించడంతో ఫలితాలు ఇంకా మెరుగయ్యాయి. ఐఈఎల్‌ఎస్‌జీ-32 అనే అంతర్జాతీయ పరీక్షలో మెథోట్రెక్సేట్, సైటారబిన్ మాత్రమే తీసుకున్నవారిలో 7 ఏళ్ల తర్వాత 21 శాతం మంది బతికి ఉంటే, వాటికి రిటుక్సిమాబ్, థయోటెపా కూడా కలిపినవారిలో 56 శాతం మంది బతికి ఉన్నారు. గడ్డ కరిగాక, తిరిగి రాకుండా రోగి సొంత మూలకణాలను ఎక్కించే చికిత్స చేయడం కూడా ఇప్పుడు స్థిరపడింది. రేడియేషన్ కంటే అది ఆలోచనాశక్తిని బాగా కాపాడుతుంది. కాకపోతే ఆ పరీక్షలో 70 ఏళ్లు దాటినవారిని చేర్చుకోలేదు. ఈ అంకెలను చదివేటప్పుడు ఈ సంగతి తరచూ మరుగున పడుతుంది.

ఎవరు ఎంతకాలం బతుకుతారన్న దానిలో వయసుది, రోగి రోజువారీ పనులు చేసుకోగలగడానిది పెద్ద పాత్ర. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ వైద్యులు 2006లో ఈ రెండింటితోనే రోగులను మూడు తరగతులు చేశారు. 50 ఏళ్లలోపు వారిలో మధ్యస్థ ఆయుర్దాయం, అంటే సగం మంది దాటి బతికిన కాలం, 8.5 ఏళ్లు. 50 నిండి, తమ పనులు తాము చూసుకోగలిగిన వారిలో 3.2 ఏళ్లు, ఆ శక్తి లేనివారిలో 1.1 ఏళ్లు. రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ పెరగడం, వెన్నునీటిలో ప్రొటీన్ ఎక్కువ కావడం, గడ్డ మెదడు లోతుల్లో ఉండడం కూడా మంచి సూచనలు కావని అంతకుముందే 2003లో మరో లెక్క చెప్పింది.

అయితే పని చేసుకోగల శక్తి వయసులాగా మారని అంకె కాదు. మంచం పట్టిన మనిషి కేవలం గడ్డ ఒత్తిడి వల్లే అలా ఉంటే, మొదటి విడత చికిత్సతోనే లేచి కూర్చోవచ్చు; కనుక తొలిరోజు ఆ శక్తికి వేసిన స్కోరు చూసి చికిత్సే వద్దనుకోవడం తొందరపాటు.

అమెరికా జనాభా గణాంకాల్లో 1970ల నుంచి 2010ల నాటికి ఈ రోగుల మధ్యస్థ ఆయుర్దాయం 12.5 నెలల నుంచి 26 నెలలకు పెరిగింది. అదే 70 దాటినవారిలో 6 నెలల నుంచి 7 నెలలకు మాత్రమే కదిలింది. వయసుతో పాటు మూత్రపిండాల వడపోత తగ్గడం, అందువల్ల మెథోట్రెక్సేట్ పూర్తి మోతాదు ఇవ్వలేకపోవడం దీనికి ఒక పెద్ద కారణం. అందుకే ఇప్పుడు చాలామంది నిపుణులు పుట్టిన సంవత్సరం కంటే, మూత్రపిండాలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్‌నే ముందు చూసి, మోతాదును దానికి తగ్గట్టు సర్ది, వృద్ధులకు కూడా ఈ మందు ఇస్తున్నారు. జబ్బు తిరగబెట్టినవారికి లెనాలిడోమైడ్, ఇబ్రూటినిబ్ వంటి నోటి మాత్రలు కొంత ఆధారమయ్యాయి. ఆ కోవకే చెందిన టిరాబ్రూటినిబ్‌కు జపాన్ 2020లో ఈ జబ్బు కోసమే అనుమతి ఇచ్చింది. జబ్బు 5 ఏళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు గనుక, కోలుకున్నవారికి కూడా ఎమ్మారై పరీక్షలు ఏళ్ల తరబడి సాగుతూనే ఉంటాయి.