ఇంటి ముందు పచ్చిక, హెచ్‌ఓఏ రూల్స్: టెక్సస్‌లో తరచూ వినే అపోహలు

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ వైపు నేను స్ప్రింక్లర్లు, తోటల పని చేస్తాను. ఇక్కడ మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. కొత్త కాలనీల్లో హెచ్‌ఓఏ, అంటే రూల్స్ పెట్టి ఫైన్లు వేసే ఇళ్ళ యజమానుల అసోసియేషన్, లేని ఇల్లు దొరకడం కష్టం. వేసవిలో నీళ్ళ బిల్లు చూశాక అందరూ అడిగేది ఒకటే: "గడ్డి తీసేస్తే హెచ్‌ఓఏ వాళ్ళు ఊరుకుంటారా అండీ?"

అపోహ: హెచ్‌ఓఏ వద్దంటే ఇక అంతే.

టెక్సస్ ప్రాపర్టీ కోడ్‌లో 202.007 అనే సెక్షన్ ఉంది. కరువుకు తట్టుకునే మొక్కల్ని, నీళ్ళు తక్కువ తాగే గడ్డిని అసోసియేషన్లు నిషేధించకూడదని 2013లో ఆ సెక్షన్‌లో చేర్చారు. "కాలనీ అందానికి నప్పదు" అని సరైన కారణం లేకుండా తిప్పి పంపడానికీ వీల్లేదు.

అపోహ: చట్టం మన వైపే ఉంది కదా, పర్మిషన్ దేనికి?

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ముందుగా ప్లాన్ ఇచ్చి ఆమోదం తీసుకోమనే హక్కును అదే సెక్షన్ హెచ్‌ఓఏకి ఇచ్చింది. శనివారం గడ్డి పీకించేసి, నోటీసు వచ్చాక ఫోన్ చేస్తే నేను చేయగలిగింది తక్కువ.

"నీళ్ళు తక్కువ తాగే మొక్కలు వేస్తాం" అని ఒక్క లైన్ రాసి పంపకండి. ప్లాన్లు చూసే హెచ్‌ఓఏ కమిటీలో ఉండేది సాధారణంగా మన పొరుగువాళ్ళే. రేపు ఆ ఇంటి ముందు ఏం కనబడుతుందో వాళ్ళకు తెలియాలి. ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన సర్వే కాగితం జిరాక్స్ తీసి, గడ్డి ఎక్కడ తీస్తారో, ఎక్కడ ఉంచుతారో దాని మీద గీయండి. మొక్కల పేర్లు, ఎన్ని, పెరిగాక ఎంత ఎత్తు వస్తాయి, మల్చ్ (మొక్కల మొదట్లో పరిచే చెక్క పొట్టు లాంటిది) ఏ రంగు, అంచుకు ఏం వాడతారు అన్నీ రాయండి. ఇప్పటి ఫొటో జత చేయండి. గడ్డి మొత్తం ఒకేసారి తీయకుండా సగం ఉంచిన ప్లాన్లు సులువుగా పాస్ కావడం చూశాను.

కాదన్నా టెన్షన్ వద్దు. 40 ప్లాట్లు దాటిన అసోసియేషన్ అయితే కారణమేంటో, ఏం మార్చాలో రాతలో చెప్పాలి. అది పంపిన 30 రోజుల్లోపు మీరు హెచ్‌ఓఏ బోర్డు ముందు విచారణ కోరవచ్చు.

అపోహ: నీళ్ళు ఆదా కావాలంటే అంతా రాళ్ళూ, కాక్టస్‌లే.

రాళ్ళు, కాక్టస్‌ల మీద షరతులు పెట్టే అధికారం హెచ్‌ఓఏకి ఉంది, కాబట్టి ఆ దారిలోనే చిక్కులు ఎక్కువ. పైగా ఎండకు కాగిన రాళ్ళు సాయంత్రం దాకా గోడ మీదకి వేడి కొడతాయి. వాటి బదులు టెక్సస్ సేజ్, రెడ్ యుక్కా, ఆటమ్ సేజ్, లాంటానా మొక్కలు వేసి చూడండి. గల్ఫ్ మూలీ గడ్డి శరదృతువులో గులాబీ పొగలా పూస్తుంది.

అపోహ: ఈ మొక్కలకు నీళ్ళే అక్కర్లేదు.

వేళ్ళు దిగేదాకా, అంటే కనీసం మొదటి ఏడాది, కావాలి. అక్టోబర్, నవంబర్‌లో నాటితే ఆ అవసరం బాగా తగ్గుతుంది.

అపోహ: రోజూ కాసిని నీళ్ళు పెడితే పచ్చిక బాగుంటుంది.

ఇక్కడి నేల మన కర్నూలు, ఆదిలాబాద్ నల్లరేగడి లాంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. నీటిని మెల్లగా పీలుస్తుంది. మామూలు స్ప్రే హెడ్ (స్ప్రింక్లర్‌లో నీళ్ళు చిమ్మే మూతి) గంటకు అంగుళంన్నర దాకా నీళ్ళు పోస్తుంది, నేల అంత తాగలేదు. అందుకే కంట్రోలర్ (స్ప్రింక్లర్ల టైమర్) 15 నిమిషాలకు పెట్టి ఉన్న ఇళ్ళలో కొంతసేపటికే నీళ్ళు కాలిబాట దాటి డ్రెయిన్‌లోకి పోతుంటాయి. వెయ్యి చదరపు అడుగుల మీద అంగుళం నీరంటే 620 గ్యాలన్ల పైమాటే. ఆ 15 నిమిషాల్నే గంట గంట ఎడంతో ఐదేసి నిమిషాలుగా మూడుసార్లు ఇవ్వండి. మర్నాడు పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. ఆరు అంగుళాలు సులువుగా దిగిందంటే ఇంకా తడి ఉంది, ఆ రోజు నీళ్ళు ఆపేయండి.

గడ్డి తీసేస్తే ఫౌండేషన్ పగులుతుందని భయపడేవాళ్ళున్నారు. ఫౌండేషన్‌కి కావలసింది చుట్టూ ఒకే తీరుగా ఉండే తేమ. అది గడ్డి కంటే డ్రిప్ లైన్, మల్చ్‌తో బాగా నిలుస్తుంది.

అపోహ: గడ్డి గోధుమరంగుకి తిరిగితే చచ్చినట్టే, ఫైన్ ఖాయం.

బెర్ముడా గడ్డి నీళ్ళు లేకపోతే నిద్రపోతుంది, వానకి మళ్ళీ లేస్తుంది. నీటి వాడకంపై ఆంక్షలున్న కాలంలో గడ్డి రంగు మారిందని హెచ్‌ఓఏ ఫైన్ వేయకూడదని 2025లో టెక్సస్ చట్టం చేసింది. ఆంక్షలు ఎత్తేశాక కూడా 60 రోజుల గడువుంది. కలుపు పెరగనివ్వకండి, దానికి ఈ రక్షణ లేదు.

అపోహ: వాన నీటి డ్రమ్ము పెట్టనివ్వరు.

పెట్టుకోవచ్చు. ఇంటికీ వీధికీ మధ్య పెడితే, లేదా రంగు ఇంటితో కలవకపోతే మాత్రం కాదనగలరు. పక్క గోడ దగ్గర, చూరు గొట్టం కింద పెట్టండి. ఇక్కడి కుళాయి నీళ్ళలో క్షారం ఎక్కువ. కుండీలో కరివేపాకు ఆకులు పసుపెక్కుతుంటే కొన్నాళ్ళు ఆ వాన నీళ్ళు పోసి చూడండి.