తెర మీది యుద్ధం, ఇంట్లోని మనసు: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: ఎక్కడో జరిగిన ఘోరాన్ని టీవీలో చూసినంత మాత్రాన మనకేమీ కాదు.

వాస్తవం: 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ వద్ద బాంబులు పేలిన తరువాత అమెరికాలో నాలుగున్నర వేల మందికి పైగా ప్రజలను పరిశోధకులు సర్వే చేశారు. ఆ వారమంతా రోజుకు ఆరు గంటలు, ఆపైన ఆ వార్తలనే చూసినవారిలో తీవ్ర ఒత్తిడి లక్షణాలు, పేలుడు చోట ఉన్నవారిలో కంటే ఎక్కువగా కనిపించాయి. ముందునుంచే ఆందోళన ఉన్నవారు ఎక్కువగా చూశారేమో అన్న సందేహం సహజమే గాని, పూర్వపు మానసిక ఆరోగ్యాన్నీ పరిశోధకులు లెక్కలోకి తీసుకున్నారు. అలాగని వార్తలు చూస్తే పీటీఎస్‌డీ (ఘోర అనుభవం తరువాత మిగిలిపోయే మానసిక ఒత్తిడి రుగ్మత) వస్తుందనడం కూడా సరికాదు. ఉద్యోగరీత్యా తప్పనిసరిగా చూడవలసినవారి విషయంలో తప్ప, తెరపై చూసినదాన్ని మానసిక రుగ్మతల నిర్ధారణకు అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రచురించిన గ్రంథం డీఎస్ఎం-5 ఆ రోగనిర్ధారణకు ఆధారంగా అంగీకరించదు. నిద్ర చెదరడం, గుండెదడ, పని మీద ధ్యాస నిలవకపోవడం మాత్రం జబ్బు పేరు లేకపోయినా పట్టించుకోవలసినవే.

అపోహ: నిరంతరం చూస్తూ ఉంటేనే అప్రమత్తంగా ఉంటాం.

వాస్తవం: 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలైనప్పుడు, అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్న తెలుగు పిల్లల తల్లిదండ్రులకు టీవీ కట్టేయమని చెప్పడం తేలిక, కట్టేయడం కష్టం. అయినా వారికి అక్కరకు వచ్చే కబురు పిల్లల ఫోను నుంచో, రాయబార కార్యాలయం ప్రకటన నుంచో రావలసిందే. బ్రేకింగ్ న్యూస్ పేరుతో తిరిగి తిరిగి వేసే అదే పేలుడు కొత్త సంగతి ఏదీ చెప్పదు, చూసేవారిని మాత్రం ప్రతిసారీ ఉలిక్కిపడేలా చేస్తుంది. కోవిడ్ తొలినాళ్లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు ఒకటి రెండుసార్లు, నిర్ణీత వేళల్లోనే వార్తలు తెలుసుకోమని సూచించింది. దానికి నేను కలిపే షరతులు రెండు: వీడియో చూడటం కంటే చదవడం మేలు, పడుకోబోయే ముందు అదీ వద్దు.

అపోహ: చూడటం తగ్గిస్తే బాధితుల పట్ల నిర్దయ చూపినట్టే.

వాస్తవం: మానసిక సలహా కోసం నా దగ్గరికి వచ్చే యువతీయువకుల్లో ఈ అపరాధభావం బలంగా ఉంటుంది. గాజా నుంచి వచ్చే ప్రతి వీడియోను చివరిదాకా చూసినందువల్ల అక్కడి పసిబిడ్డకు పాలు అందవు. నమ్మకమైన సంస్థకు చేతనైనంత విరాళం పంపితే అందవచ్చు.

అపోహ: చిన్నపిల్లలకు ఇవేవీ అర్థం కావు.

వాస్తవం: ఒకే దృశ్యాన్ని పదిసార్లు వేస్తే పదిసార్లు జరిగిందనుకునే వయసు వారిది. వారి ఎదుట ఆ దృశ్యాలు పెట్టకండి, అడిగితే క్లుప్తంగా నిజం చెప్పండి.

ఆందోళన రెండు వారాలు దాటినా తగ్గకపోతే, అంతకు ముందే భరించలేనిదిగా మారినా, టెలి మానస్ అనే ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.